కూటిలోనే కోటి విద్యలు

"కోటి విద్యలూ కూటి కొరకే" అన్నారు పెద్దలు. కరువుసీమలో పుట్టిన వాడెవడూ ఆ మాటను కాదనలేడు. అయితే సామెతను కొంచెం తిరగేసి చూస్తే ఇంకో నిజం కూడా కనపడుతుంది. కోటి కాకపోయినా, ఓ నాలుగు విద్యలు మన పిల్లలు కూటిలోనే నేర్చుకున్నారు. గీత గీయడం, ముద్దకు రూపం ఇవ్వడం, అంచు తీర్చడం, రంగు కలపడం. బొమ్మలు వేసేవాడికి, బొమ్మలు చేసేవాడికి కావలసిన ఈ నాలుగింటికీ మన దేశంలో మొదటి బడి వంటిల్లే. ఆ బడికి గంట లేదు, ఫీజు లేదు, మార్కులు అసలే లేవు. అందుకే కాబోలు, దాన్ని బడి అని ఎవరూ అనలేదు.

ఇప్పుడు ఈ సంగతి ఎందుకంటారా? ఈ మధ్య చిన్నపిల్లల బళ్లలో కొత్త ముచ్చట ఒకటి వచ్చింది. అట్ట మీద చేపబొమ్మ గీసి, దాని పొలుసుల్లో కందిపప్పు, కళ్లల్లో మిరియాలు, తోకలో మకరోనీ ముక్కలు జిగురుతో అంటించి తెమ్మంటారు. తల్లి రాత్రి పదింటి దాకా కూర్చుని అంటిస్తుంది. ఇంట్లో అవ్వ గనక వుంటే ఇక తగువే. "అన్నంతో ఆటలేంది మే? కండ్లకద్దుకొని తినేదాన్ని బంకతో అంటిస్తారా?" అని ఆమె కేకలు. "బళ్లో టీచరమ్మ చెప్పింది అత్తా, పిల్లోడికి చేతిపని అలవాటు కావాలంట" అని కోడలు. నాలుగు రోజులు గోడకు వేలాడిన ఆ చేపను చివరికి చీమలు కూడా ముట్టవు, జిగురు వాసనకు!

అవ్వది న్యాయమా, టీచరమ్మది న్యాయమా? తీర్పు చెప్పే ముందు దావా పూర్వాపరాలు చూడటం ధర్మం గదా. అవి చాలా వెనక్కి వెళ్తాయి.

వాత్స్యాయనుడు 64 కళల పట్టిక ఒకటి ఇచ్చాడు. పాట, వాద్యం, నాట్యం, చిత్రలేఖనం, తిలకాల కోసం ఆకులు కత్తిరించి తీర్చడం, ఈ అయిదూ అయ్యాక ఆరోది ఏమిటో తెలుసునా? బియ్యంతో, పూలతో తీర్చే అలంకారం. ఇంకొంచెం కిందికి వెళితే కూరలూ పిండివంటలూ రకరకాలుగా చేయడం కూడా అదే పట్టికలో వుంది. అంటే చిత్రలేఖనానికీ వంటకూ మధ్య గోడ కట్టాలని ఆ కాలం వాళ్లకు తోచలేదన్నమాట. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు 'మానసోల్లాసం' రాయించాడు. రాజుగారి భోజనంలోకి ఏమేం వండాలో, బొమ్మలు ఎలా వేయాలో ఒకే పుస్తకంలో చదువుకోవచ్చు. పొడులతో నేల మీద వేసే బొమ్మకు అందులో 'ధూళిచిత్రం' అని పేరు. మన ఇంటి ముందు ముగ్గుకు అది రాజముద్ర పడిన పేరు.

ఇక మా రాజంపేట సంగతికి వద్దాం. ఈ వూరి పక్కనే తాళ్లపాక. 1408లో అన్నమాచార్యులు అక్కడే పుట్టాడు. 1503 దాకా బతికిన ఆ మహానుభావుడు స్వామికి కీర్తనలతో చేయని సేవ లేదు. ఒక కీర్తనలో అయితే సాక్షాత్తూ లక్ష్మీదేవే వడ్డిస్తుంటే ఏమేం ఆరగించాలో వరసగా చెప్పుకుంటూ పోతాడు. అప్పాలు, వడలు, పేణులు. ఈ పేణులంటే సన్నని పోగులుగా సాగదీసి చేసే పిండివంట. పిండిని నూలులాగా సాగదీసే చేతులు ఆనాటికే మన దేశంలో వున్నాయని కదా దీనర్థం? ఆ చేతులకు ఆ పని ఎవరు నేర్పారు? వాళ్ల అమ్మలు, అవ్వలు. ఏ వయసులో? చేయి మెత్తగా వున్న వయసులోనే.

అయితే ఒక్క మాట. దేవుడి పళ్లెం వేరు, మనుషుల కంచం వేరు. రాయలసీమలో రోజూ కంచంలోకి వచ్చేది జొన్న, కొర్ర, రాగి. వరి బియ్యం పండగనాటి మాట. 1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి వేలమందికి అంబలి పోయించాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. పదేళ్లు తిరిగేసరికి, 1876లో, ధాత నామ సంవత్సరంలో మొదలైన కరువు 1878 దాకా కడప, కర్నూలు, బళ్లారి, అనంతపురం సీమల్ని తుడిచిపెట్టింది. అలాంటి చోట పిల్లవాడి చేతికి బియ్యప్పిండి ముద్ద ఇచ్చి "ఆడుకోరా" అనే తల్లి ఎక్కడ వుంటుంది? అయినా ఇచ్చారు. ఎందుకిచ్చారంటే, ఆ ముద్దతో పిల్లవాడు ఏం చేసినా చివరికి అది ఎవరో ఒకరి నోట్లోకే పోతుంది. ఈ షరతు ఒక్కటి చాలు, వంటింటి బడి మర్మం అర్థం కావడానికి.

పిండి దీపాన్నే తీసుకోండి. పెరటాసి శనివారాల్లో తిరుమల వెంకన్నను కొలిచే ఇళ్లలో, ఇక్కడా చిత్తూరు వైపూ, బియ్యప్పిండితో దీపం చేసి వెలిగిస్తారు. బియ్యం నానబెట్టి, నీళ్లు వార్చి, నీడన ఆరబెట్టి, తడి పూర్తిగా పోకముందే రోట్లో దంచి జల్లిస్తారు. బెల్లం తురిమి కలుపుతారు. ఇక్కడే మొదటి పాఠం. బెల్లం నీరు వదులుతుంది. కలిపేటప్పుడు గట్టిగా వుందనిపించిన పిండి కాసేపటికి జారిపోతుంది. "తొందరపడి నీళ్లు పోయాకు నాయినా, బెల్లం మాట విను" అంటుంది అవ్వ. బెల్లం ఏం మాట్లాడుతుందని పిల్లవాడు నవ్వుతాడు. రెండు పండగలు పోయాక వాడికీ ఆ మాట వినపడుతుంది.

తర్వాత నిమ్మకాయంత ముద్ద తీసుకుని, గుండ్రం చేసి, బొటనవేలితో మధ్యలో గుంట నొక్కి, ముద్దను తిప్పుకుంటూ గోడలు లేపాలి. ఒకవైపు వత్తికి మూతి లాగాలి. పగుళ్లు పడితే తడివేలితో రాయాలి. సారె లేకుండా చేత్తో కుండ చేసే అతి పాత పద్ధతి ఇదే. ఇప్పటికీ మట్టిపని నేర్పేవాళ్లు కొత్తగా వచ్చిన విద్యార్థి చేత మొట్టమొదట చేయించేది ఈ పనే. గోడ పల్చనయితే నెయ్యి కారిపోతుంది. మరీ మందమయితే గుంటలో చుక్క నెయ్యికి చోటు మిగలదు. పరీక్ష ఎక్కడ జరుగుతుందయ్యా అంటే దేవుడి ముందు, చుట్టాలందరి ఎదుట. దీపం నిలబడిందా, పాస్. కొండెక్కిందా, "ఇది చేసిందెవరు?" అని పెద్దమ్మ ఒక చూపు చూస్తుంది. అంతకన్నా పెద్ద పరీక్షాధికారి ఎవరుంటారు చెప్పండి! వెలిగి ఆరిపోయాక, నేతిలో తడిసి కాస్త మాడిన ఆ దీపాన్నే తుంచి ప్రసాదం పంచుతారు. బాగా వచ్చిన దీపమూ, వంకరపోయిన దీపమూ రుచికి ఒకటే. ఓడిపోయిన శిల్పం కూడా కడుపు నింపే బడి ఇంకెక్కడన్నా వుందేమో నాకయితే తెలియదు.

ముద్ద తర్వాత గీత. ముగ్గు వేసే చేతిని ఎప్పుడన్నా దగ్గర్నుంచి చూశారా? పిండి పిడికిట్లో వుంటుంది. బొటనవేలూ చూపుడువేలూ కలిసి దాన్ని సన్నని ధారగా వదులుతాయి. చేయి ఆగిందా, అక్కడ కుప్ప పడుతుంది. తొందరపడిందా, గీత తెగుతుంది. కుంచె పట్టే వాడికి నెలల తరబడి చెప్పే పాఠం ఇక్కడ ఒక్క సంక్రాంతి నెలలో అబ్బుతుంది. చుక్కలు పెట్టి, వాటి చుట్టూ మెలిక తిప్పుకుంటూ మొదలెట్టిన చోటికే తిరిగి రావడం లెక్కల్లోకి లెక్క, బొమ్మల్లోకి బొమ్మ. ఆ బియ్యప్పిండిని ఎండెక్కేసరికి చీమలు వరసకట్టి మోసుకుపోతాయి. పిచ్చుకలు ఏరుకుతింటాయి. మర్నాటికి వాకిలి మళ్లీ ఖాళీ పలక.

బియ్యప్పిండి అందరికీ అందేది కాదు గనక మా వైపు దానికి ఒక బదులు దొరికింది. రాజంపేట నుంచి కోడూరు వైపు పోతే మంగంపేట వస్తుంది. అక్కడి బరువురాయికి జనం పెట్టుకున్న పేరు ముగ్గురాయి. వాకిట్లో ముగ్గులకు పనికొచ్చిన రాయని ఆ పేరే చెబుతోంది. శాస్త్రజ్ఞులు దాన్ని బెరైటీస్ అంటారు. ప్రపంచంలోని అతి పెద్ద బెరైటీస్ నిక్షేపాల్లో ఇదొకటి. చమురు బావులు తవ్వేటప్పుడు ఆ పొడిని బురదలో కలిపి బావిలోకి పంపుతారు. ఆ బరువుకు లోపలి ఒత్తిడి అణుగుతుందట. ఆ విధంగా మా వాకిట్లో ముగ్గు దేశదేశాల చమురు బావుల్లోకి దిగింది. సంతోషమే. కానీ పిండిముగ్గు పోయి రాతిముగ్గు వచ్చిననాడు చీమలకు భోజనం పోయింది. రాతిముగ్గు కూడా పోయి, అంగట్లో కొన్న ముగ్గుకాగితం గడప ముందు అంటించిననాడు పిల్లల వేళ్లకు చదువు పోయింది. రెండో నష్టాన్ని ఎవరూ లెక్కరాసుకోలేదు.

ఇక అంచు. కజ్జికాయ చేయడం చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. పూరీ వత్తి, మధ్యలో పప్పులపొడీ బెల్లమూ కొబ్బరీ పెట్టి, సగానికి మడిచి, అంచును వేలితో చిన్న చిన్న మడతలుగా తిప్పుకుంటూ పోవాలి. తాడు పేనినట్టు వస్తుంది. చెక్క అచ్చులో పెట్టి నొక్కితే పని తొందరగా అవుతుంది గానీ, చేతి మడత అందం వేరు. ఆ మడత అలంకారం మాత్రమే అనుకుంటే పొరపాటు. ఒక్క మడత సరిగా పడకపోయినా కజ్జికాయ నూనెలో నోరు తెరుస్తుంది. లోపలి పొడి అంతా నూనెలో పడి మాడుతుంది. అందం కోసం చేసే పనీ, అవసరం కోసం చేసే పనీ ఒకటే కావాలని ఈనాడు పెద్ద పెద్ద శిల్పకళాశాలల్లో చెబుతుంటారు. ఆ పాఠం బాణలిలో నూనె ఎప్పటినుంచో చెబుతూనే వుంది, కాస్త కఠినంగా.

మురుకుల గొట్టానికి అడుగున వేసే బిళ్లలు మార్చి చూడండి. నక్షత్రం బిళ్లతో ముళ్లగీత, చీలిక బిళ్లతో రిబ్బను, గుండ్రని చిల్లులతో దారాలు. పనిముట్టు మారితే గీత స్వభావం మారుతుందని పిల్లలకు ఇంతకన్నా సులువుగా ఎవరు చెప్పగలరు? వేసవిలో మేడ మీద పాతపంచె పరిచి వడియాలు పెట్టేటప్పుడు, కాకుల్ని తోలే వుద్యోగం పిల్లలదే గదా. ఆ వుద్యోగానికి జీతంగా చివరి వరస వాళ్లకు వదిలేసేవాళ్లు. ఆ వరసలో వడియాలు చిలకలయ్యేవి, చేపలయ్యేవి, అక్షరాలయ్యేవి.

ఇది మన ఒక్కరి గొప్పే అనుకోకండి. బెంగాల్లో మేదినీపూర్ ఆడవాళ్లు మినప్పిండిని గుడ్డ పొట్లంలోంచి సన్నగా పిండుతూ, గసగసాలు పరిచిన పళ్లెంలో హారాలు, చెవికమ్మలు, నెమళ్ల ఆకారాల్లో వడియాలు పెడతారు. వాటి పేరే గహనాబడి, అంటే నగల వడియాలు. రవీంద్రనాథ్ ఠాగూరు వాటిని చూసి ముచ్చటపడి, వాటి ఫొటోలు శాంతినికేతన్ కళాభవనంలో దాచాలనుకున్నాడు. వడియానికి అంత గౌరవం మన వైపు దక్కలేదు. మనం వేయించుకు తినేశాం. గోదావరి జిల్లా ఆత్రేయపురంలో, కింద మంట పెట్టి బోర్లించిన కుండ మీద పల్చని బియ్యపు జావలో ముంచిన గుడ్డను ఒక్క వూపున పరిచి లాగితే కాగితంలాంటి రేకు వస్తుంది. రెండోసారి సవరించడానికి వీల్లేదు. నీటిరంగులతో ఆకాశం పూసేవాడి కష్టం సరిగ్గా అదే. ఆ పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

రంగుల పాఠం ఇంకా తమాషా. పసుపునీళ్లలో చిటికెడు సున్నం వేస్తే ఎర్రబడుతుంది. దిష్టి తీసే ప్రతి ఇంట్లోనూ పిల్లలు నోరు తెరుచుకుని చూసిన ఇంద్రజాలం ఇది. ఆ ఎరుపులో నిమ్మరసం పిండితే మళ్లీ పసుపు! (సున్నం కలిపిన నీళ్లు తాగేవి కావు, పిల్లలకు ముందే చెప్పాలి.) బచ్చలిపండ్లు నలిపితే వంగపండు రంగు సిరా. పలకలు మోసిన తరాల్లో దాంతో పేర్లు రాసుకోని పల్లెపిల్ల వుందా? ఈ వంటింటి రసాయనం ఎంత దూరం పోగలదో చూడాలంటే మనకు పొరుగునే వున్న శ్రీకాళహస్తికి వెళ్లాలి. అక్కడి కలంకారీ పనివాళ్లు గుడ్డను కరక్కాయ రసం కలిపిన పాలలో ముంచి ఆరబెడతారు. పాల కొవ్వు రంగును పారకుండా పట్టుకుంటుంది. చింతపుల్ల కాల్చిన బొగ్గుతో గీతలు గీస్తారు. ఇనుపముక్కలూ బెల్లమూ నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి తీసిన రసం కరక్కాయ గుడ్డకు తగలగానే నల్లబడుతుంది. పాలు, బెల్లం, చింతపుల్ల! ఒక వంటింటి సామానుతో రామాయణం అంతా గుడ్డ మీదికి ఎక్కింది. ఆ విద్య అంతరించిపోయే స్థితికి వచ్చినప్పుడు కమలాదేవీ చటోపాధ్యాయ చొరవతో 1957లో అక్కడ శిక్షణకేంద్రం పెట్టారు. అది నిలిచింది.

ఇక పడమటి దేశాల మాట. జర్మనీలో ఫ్రోబెల్ అనే ఆయన 1837లో చిన్నపిల్లల కోసం ఒక బడి తెరిచి, తర్వాత దానికి 'కిండర్ గార్టెన్' అని పేరు పెట్టాడు. పిల్లల తోట అన్నమాట. అక్కడ పిల్లలకు ఇచ్చిన పనుల్లో ఒకటి బఠాణీల పని. నానబెట్టిన బఠాణీలకు సన్నని పుల్లలు గుచ్చి ఇళ్లు, కుర్చీలు, నక్షత్రాలు కట్టడం. బఠాణీ ఎండేకొద్దీ పుల్లను బిగించి పట్టుకుంటుంది. బెల్లం మాట వినమన్న మన అవ్వ, బఠాణీ మాట వినమన్న ఫ్రోబెల్ దొర ఒకే బడి పంతుళ్లు కారూ! ఆయన తయారుచేసిన చెక్కదిమ్మెలతో చిన్నప్పుడు ఆడుకున్న పిల్లల్లో, తర్వాత ప్రపంచానికంతా పేరు తెలిసిన అమెరికా వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ ఒకడు.

1907లో రోమ్ నగరపు పేదవాడలో బడి పెట్టిన మరియా మాంటిసోరి, పిల్లల చేత గింజలు ఏరించడం, నీళ్లు ఒలకకుండా పోయించడం, కూరలు తరిగించడం పాఠాలుగా చేసింది. ఆమె 1939లో మద్రాసు అడయారుకు వచ్చింది. యుద్ధం వల్ల 1946 దాకా మన దేశంలోనే వుండిపోయి, ఎందరో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. 1937లో వార్ధాలో గాంధీగారు చేతిపని ద్వారానే చదువు చెప్పాలని ప్రతిపాదించారు. సేవాగ్రామ్ బడిలో దేవీప్రసాద్ అనే చిత్రకారుడు ఆ దారిలోనే పిల్లలకు కళ నేర్పాడు. ఇంతమంది పెద్దలు ఇన్ని దేశాల్లో తిరిగి తిరిగి చెప్పింది ఒకటే, చేయి నేర్చుకుంటే బుర్ర నేర్చుకుంటుందని.

మరి మన వంటింటి బడికి ఏం తెగులు వచ్చింది? నిజం చెప్పాలంటే తెగులు మొదటినుంచీ వుంది. ఆ బడిలో ఆడపిల్లకే ప్రవేశం. అదీ "రేపు అత్తగారింట్లో మాట పడకూడదు" అన్న భయంతో. మగపిల్లవాడు పీట దగ్గరికి వస్తే "నీకేం పని రా ఇక్కడ" అని తరిమేవాళ్లు. వాడికి పలక ఇచ్చారు, వేళ్లకు పని ఇవ్వలేదు. ఆడపిల్లకు వేళ్లకు పని ఇచ్చారు, అది కళ అని చెప్పలేదు. ముప్ఫై ఏళ్లు కజ్జికాయల అంచులు తీర్చిన ఆమెను "మీకు బొమ్మలు వచ్చునా?" అని అడగండి, "అయ్యో, నాకేం వచ్చు" అంటుంది. తరవాత ఆడపిల్లలు కూడా బళ్లకు, వుద్యోగాలకు వెళ్లారు. ఎంతో మంచిది. కానీ పండగ పిండివంటలు అంగట్లోంచి డబ్బాల్లో రావడం మొదలయ్యాక, ఆడపిల్లకూ మగపిల్లవాడికీ సమానంగా ఏమీ లేకుండా పోయింది. సమానత్వం ఈ విధంగా వస్తుందని ఎవరనుకున్నారు?

ఇప్పుడు తీర్పు. చేతికి గింజలు, పిండి తగలాలని టీచరమ్మ అనడం న్యాయమే. తినేదాన్ని చెత్తబుట్ట పాలు చేయకూడదని అవ్వ అనడం అంతకన్నా న్యాయం. కరువు చూసిన నేల మాట అది. ఇద్దరికీ రాజీ కుదిర్చే దారి కూడా అవ్వ దగ్గరే వుంది. జిగురు తీసేయండి. తినే బొమ్మ చేయించండి.

వచ్చే పండక్కి ఇంట్లో ప్రతి పిల్లకూ, ప్రతి పిల్లవాడికీ నిమ్మకాయంత పిండిముద్ద ఇవ్వండి. అంతకన్నా ఎక్కువ వద్దు. కొంచెంగా వున్నదాన్నే మనిషి జాగ్రత్తగా చూసుకుంటాడు. పొయ్యి దగ్గరి పని, నూనె పని పెద్దవాళ్లే చూసుకోవాలి. చేతులు కడిగించడం మరవొద్దు. వాళ్లు చేసినదాన్ని దిద్దకండి. దీపమయితే నెయ్యి దిద్దుతుంది, కజ్జికాయయితే నూనె దిద్దుతుంది. చిలక అని చేసింది బాతులా వున్నా చిలకే అనండి. అవ్వ ఇంట్లో వుంటే ఆమెను పీట మీద కూర్చోబెట్టి, "ఈమె మా డ్రాయింగు మాస్టరు" అని పిల్లలకు ఒక్కసారి పరిచయం చేయండి. డెబ్భై ఏళ్ల తర్వాతయినా ఆ హోదా దక్కితే తప్పులేదు.

మార్కులు వేయాలనిపిస్తే రుచి చూసి వేయండి.